హాజరీకి నిలబడిన కంప్యూటర్

మా ముత్తాత తండ్రి నిజాం సర్కారు గుర్రపు దళంలో హాజరీ దారోగా. నెలకొకసారి ప్రతి రౌతూ తన గుర్రంతో, కత్తితో ఆయన ముందుకు రావాలి. గుర్రం నడవాలి. కత్తి ఒరలోంచి బయటికి రావాలి. అప్పుడే ఆయన దస్త్రంలో గుర్తు పెట్టేవారు. గుర్తు పడిన రౌతుకే జీతం. మా ముత్తాత అదే కచేరీలో లెక్కలు రాసే పేష్కారు. మా తాతకు మూడు ఊళ్ల శిస్తు వసూలు చేసుకునే మక్తా ఉండేది. ఆయన ఇంటి నుంచి బయలుదేరితే దారి చేయడానికి ముందొక మనిషి పరుగెత్తేవాడు. మా బాపు దగ్గరికి వచ్చేసరికి ఊళ్లూ లేవు, ముందు పరుగెత్తే మనిషీ లేడు. ఫలక్‌నుమా దగ్గర పాత దేవిడీలో, అంటే తాతల నాటి భవంతిలో, మా వంతుకు మూడు గదులు, పొడుగాటి వసారా, తాత నాటి నిలువుటద్దంతో ఒక పెద్ద హాలు మిగిలాయి. బాపు సర్కారు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. కాలువల పటాలు గీసేవారు. ఆ ఆఫీసును ఆయన చివరిదాకా కచేరీ అనే అన్నారు.

నేను ఆయనకు ఒక్కగానొక్క సంతానం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది బాపు అక్క, నా మేనత్త. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చి, తాళాలగుత్తి బొడ్లో దోపుకుని ఇల్లంతా తన చేతిలోకి తీసుకున్న మనిషి.

మా ఇంట్లో మహర్నవమి నాటి ఆయుధపూజ అందరి ఇళ్లలో జరిగినట్టు జరగదు. పూజకు ముందు హాజరీ ఉంటుంది. పని చేయని పనిముట్టుకు బొట్టు పెడితే అబద్ధమాడినట్టేనని మా వాళ్ల పట్టింపు. అందుకని పీట ముందు బాపు షేర్వాణీ వేసుకుని నిటారుగా నిలబడి ఒక్కొక్క వస్తువునూ పిలుస్తారు. కత్తి ఒరలోంచి రావాలి. కలం ఒక గీత గీయాలి. తక్కెడ సరిగ్గా తూగాలి. అత్త కుట్టుమిషన్ నాలుగు కుట్లు వేయాలి. పని చూపిస్తే మేమంతా "హాజర్" అంటాం, దానికి బొట్టు. చూపించకపోతే బాపు "గైర్హాజర్" అంటారు, ఆ పొద్దు గూకేలోపల అది గడప దాటాలి. పాత సామాను కొనే కబాడీకి పోతుందో, ఎవరికైనా దానంగా పోతుందో, ఇంట్లో మాత్రం ఉండకూడదు. గ్రామఫోను అలాగే పోయింది. గోడగడియారం అలాగే పోయింది. చూసినవాళ్లు చాదస్తమన్నారు. నేను అనను. చచ్చిన సామాను మధ్య తిరిగే పాత కుటుంబాలను చాలా చూశాను. మా ఇంట్లో ఉన్నవి కొద్దివే అయినా అన్నీ పనిచేసేవి.

ఆ హాజరీ ఒక ఏడు నాకే గండమై కూర్చుంది.

ఎనభైల నడుమ, నాకు పన్నెండేళ్లప్పుడు, దుబాయి నుంచి తిరిగొచ్చిన ఒకాయన దగ్గర బాపు ఒక కంప్యూటర్ కొన్నారు. పెద్ద పుస్తకమంత నల్లటి డబ్బా, మీద బూడిదరంగు రబ్బరు మీటలు. దానికి తెర లేదు, ఇంట్లో టీవీకి తగిలించుకోవాలి. కరెంటు ఉన్నంతసేపే దానికి జ్ఞాపకం. మనం రాసుకున్న ప్రోగ్రాం మిగలాలంటే పాటలు వినే టేప్ రికార్డరుకు తీగ కలిపి క్యాసెట్ మీదికి ఎక్కించుకోవాలి. మళ్లీ కావలసినప్పుడు ఆ క్యాసెట్ వేస్తే నాలుగు నిమిషాలు కీచుమని అరుస్తుంది; ఆ అరుపే ప్రోగ్రాం. మా ఇంట్లో ఎవరో పిల్లిని పట్టుకుని ఏదో చేస్తున్నారని పక్కవాటా కిరాయిదార్లు చాలాకాలం అనుకున్నారు.

కాలువల లెక్కల కోసం కొన్నానని బాపు అన్నారు. ఒక్క లెక్క కూడా చేయలేదు. నేను దాంట్లో ఒక ఆట రాశాను. ఫలక్‌నుమా గుట్ట దిగి చార్మినార్ దాకా టాంగా తోలాలి. దారిలో బర్రెలు అడ్డం వస్తాయి. బర్రె అంటే ఒక నల్లటి గడి, దాని మీద రెండు కొమ్ములు. ఆ కొమ్ములు కుదరడానికే నాకు వారం పట్టింది. ఆట రాసింది నేనే అయినా మొదట చార్మినార్ చేరింది బాపు. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, నిజంగా పగ్గాలు పట్టినట్టే కూర్చుని తోలేవారు. అత్త వసారాలో బియ్యం ఏరుతూ, తెరవైపు చూడనట్టే ఉంటూ, "తమ్మీ, ఎడమకు, ఎడమకు!" అని కేకేసేది. మా తాతల దర్జా గురించి నేను విన్నదంతా ఇతరులు చెప్పినది. మా ఇంట్లో మనుషులు పగలబడి నవ్వడం మాత్రం నా కళ్లతో చూశాను, ఆ టీవీ ముందే.

నేను డిగ్రీలో ఉండగా అది వెలగడం మానేసింది. ఆ ఏడు నవమికి నేను కాలేజీ క్యాంపులో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి కంప్యూటర్ లేదు, క్యాసెట్లూ లేవు. హాజరీలో పోయిందనుకున్నాను. అడగలేదు. పోయినవాటి గురించి అడగకపోవడం మా ఇంటి మర్యాద. బాపేమో, హాజరీ అవమానం తప్పించడానికి నేనే ముందుగా ఎవరికో ఇచ్చేశానని అనుకున్నారట. ఆయనా అడగలేదు. పదేళ్లు ఒకే ఇంట్లో ఉండి, రోజూ కలిసి అన్నం తిని, ఇద్దరం ఒక్క మాట అడగలేదు.

అప్పటికి నేను ఉప్పుగూడలో ఒక ఆడపిల్లల బడిలో లెక్కల టీచరును. ఒక వానాకాలం హాలు కప్పు కారింది. సనదులకు నీళ్లు తగిలాయేమోనని బాపు పెట్టె తెరిపించారు. సనదులంటే మా వాళ్లకు సర్కారు రాసిచ్చిన దానపత్రాలు; కాగితం పని చేసేది కాదు గనక వాటికి హాజరీ లేదు. ఎర్రగుడ్డలో కట్టిన కాగితాల కట్టలు ఒక్కొక్కటే తీస్తుంటే, అడుగున ఇంకో ఎర్రమూట తగిలింది. బరువు వేరుగా ఉంది. విప్పబోతే గుడ్డ రాలేదు. లోపలిదానికి అంటుకుపోయింది. ఒక మూల లాగి చూస్తే బూడిదరంగు మీట కనిపించింది.

నేను అత్తవైపు చూశాను. బాపు కూడా చూశారు.

"ఏంది, గట్ల చూస్తరేంది ఇద్దరు?" అంది అత్త. "దాసిన. అవ్, నేనే దాసిన. అది ఎలుగుత లేకుండె. హాజరీకొస్తె కబాడీకి పోతుండె. పిల్ల వచ్చి ఏడిస్తె ఎవరు చూడాలె? సనదుల పెట్టెకు హాజరీ లేదు గదా, అందుకే అండ్ల పెట్టిన. క్యాసెట్లు సుత ఉన్నయి, చూడు."

"ఇది అంటుకపోయింది గద అక్కా!"

"మంచిగ ఉండాలని డాంబర్ గోలీలు వేసిన. సనదుల కంటె ఎక్కువ వేసిన."

మా ఇంట్లో దేన్నయినా భద్రంగా దాచాలంటే ఎర్రగుడ్డ, వేపాకు, కలరా ఉండలు. వంద ఏళ్ల కాగితాలు అలాగే నిలిచాయి. కలరా ఉండల ఆవిరికి ప్లాస్టిక్ మెత్తబడుతుందని అత్తకు ఎవరు చెప్పాలి? సనదులకు పది వేసినచోట దీనికి గుప్పెడు వేసింది. ఎంత ప్రేమగా దాచిందో డబ్బా అంత కరిగింది.

బాపు మీసం కింద నవ్వు కదలడం నేను చూశాను, కాని గొంతులోకి దాన్ని రానివ్వలేదు. "హాజరీ తప్పిచ్చుకొని తిరిగిన రౌతు దొరికిండు. నవమికి నలభై రోజులుంది. ఈసారి పేరు పిలుస్త. టాంగా నడిచి చూపియ్యాలె. లేకుంటె పొద్దు గూకేలోపల కబాడీకి, క్యాసెట్లతోటి సహా."

"నడుస్తది," అన్నాను. నడుస్తుందో లేదో నాకు తెలియదు. కాని బతిమాలడం నాకు రాదు. నా చేత్తో చేసినది ఈ ప్రపంచంలో అదొక్కటే ఉండేది. అది కబాడీ గోనెలో పడి వసారా మెట్లు దిగడం నేను చూడదలచుకోలేదు.

ఫలక్‌నుమా స్టేషన్ దారిలో ఒక రేడియో, టీవీ మెకానిక్ ఉండేవాడు. అరవై దాటిన ముసల్మాను, అందరికీ చాచా. వాళ్ల కుటుంబం మా కంటే ముందు నుంచీ అక్కడే ఉంది. మా ఇంటి ఆడవాళ్లు దుకాణానికి వెళ్లరు, పనివాడే ఇంటికి వస్తాడు. అందుకని కబురు పంపాను. తిరుగు కబురు వచ్చింది: "దొరసానికి చెప్పుండ్రి. మా తాతలు, దాదాలు మీ దేవిడీకి వచ్చేటోళ్లు. నా సోల్డరింగ్ గన్ రాదు, దానికి కాళ్లు లెవ్వు."

రెండు రోజులు కోపంగా ఉన్నాను. మూడో రోజు బడి నుంచి వస్తూ, పరీక్ష పేపర్ల సంచిలో దాన్ని పెట్టుకుని వెళ్లాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, కస్టమర్ల స్టూలు తుడిచి వేశాడు. నేను వీపు వంచకుండా కూర్చున్నాను.

"గుడ్డతోటి వండిండ్రా దీన్ని?" అన్నాడు మూట విప్పుతూ.

"దాచినం."

"దాసిండ్రా! దేవిడీల్ల దాస్తె గిట్లనే ఉంటదన్నట్టు. నీడకు ఎనిమిది రోజులు ఆరనియ్యి దొరసానీ. గోలీల గాలి పోవాలె. గుంజకు, తోలు ఊడొస్తది."

ఎనిమిది రోజులు వసారాలో ఆరింది. మెల్లగా ప్లాస్టిక్ మళ్లీ గట్టిపడింది. కొబ్బరినూనె అద్ది, వేలి కొసతో రుద్దుతూ, నేనూ అత్తా దారప్పోగుల్ని ఒక్కొక్కటే తీశాం. డబ్బా మీద గుడ్డ నేత అచ్చు మాత్రం ఉండిపోయింది. ఇప్పటికీ ఉంది.

కరెంటు ఇచ్చే అడాప్టర్ కాలిపోయి ఉంది. అసలు వెలగకపోవడానికి కారణం అదొక్కటే. చాచా కొత్తది కట్టాడు. కట్టి, పిన్ను పెట్టబోతుంటే ఆయన చెయ్యి పట్టుకున్నాను. నేను పరాయి మగవాడి చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"ఆగండి చాచా. దీనికి లోపల మైనస్, బయట ప్లస్. అన్నిటికీ ఉన్నట్టు కాదు, తిరగేసి ఉంటది."

"నలభై ఏండ్ల సంది చేస్తున్న. నాకు చెప్తవా?"

"చెప్తా."

ఆయన కళ్లద్దాలు సవరించుకుని, మీటరు పట్టుకుని, బోర్డు మీద తీగలను వెతుక్కుంటూ పోయాడు. దుకాణంలో రేడియో కూడా ఆగిపోయినట్టనిపించింది. చివరికి, అప్పుడే తానే కనిపెట్టినట్టు, "దేఖో, దీనికి లోపల మైనస్ ఉన్నది," అన్నాడు. తర్వాత ఎదురుగా ఉన్న హోటల్‌కు కేకేసి రెండు చాయ్‌లు చెప్పాడు. ఆ చాయ్‌తో దొరసాని పోయి బేటీ వచ్చింది.

కరెంటు వచ్చాక టీవీలో చెత్త గళ్లు తప్ప ఏమీ రాలేదు. లోపల ఎనిమిది మెమొరీ చిప్పులు వరుసగా ఉంటాయి. "ఒక్కొక్కదాని మీద వేలు పెట్టు. కాల్చినోడే దొంగ," అన్నాడు చాచా. ఆరోదాని మీద నా వేలు చుర్రుమంది. బొబ్బ లేచింది. మరునాడు క్లాసులో సుద్దముక్క పట్టుకున్నప్పుడల్లా ఆ బొబ్బ నొప్పి పెడుతుంటే నాకు నవ్వొచ్చింది. పిల్లలు టీచర్‌కు ఏమైందని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

అలాంటి చిప్పు జుమ్మేరాత్ బజారులో పాత బోర్డుల గుట్టల్లో దొరకొచ్చన్నాడు. జుమ్మేరాత్ బజారుకు మా ఇంటి నుంచి వస్తువులు వెళ్లాయి గాని మనుషులు వెళ్లలేదు. నేను వెళ్లాను. గోనెల మీద పరిచిన ఇనుప సామాను, సైకిలు చైన్లు, కాళ్లు లేని కుర్చీలు. ఒకచోట వెండి పూత పోయిన తమలపాకుల పాన్‌దాను ఒకటి నన్ను గుర్తుపట్టినట్టు చూసింది. నేను దాన్ని చూడలేదు. ఆ రోజు నేను కొనడానికి వెళ్లినదాన్ని. తల ఎత్తుకునే నడిచాను. ఎండలో ఒక గుట్ట ముందు గొంతుకూర్చుని, చిప్పుల మీది అంకెలు చదువుతూ రెండు గంటలు గడిపాను. దొరికినప్పుడు అమ్మేవాడి ముందే "దొరికింది!" అని అరిచాను. బేరమాడేవాళ్లు ఎవరూ అలా అరవరని చాచా తర్వాత తల కొట్టుకున్నాడు.

ఇక మీటలు. రబ్బరు కింద పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాని తోకలు రెండు బోర్డులో దూరుతాయి. ఏళ్లు గడిస్తే ఆ తోకల కొసలు చిట్లుతాయి. చిట్లినంతమేర, బియ్యపుగింజంత, తిన్నగా కత్తిరించి మళ్లీ దూర్చాలి. వంకర పోతే ఇంకో పొర లేదు. చాచా చేతులు సన్నగా వణుకుతాయి. నాకు ధైర్యం చాలలేదు. అత్త జరీపని చేసే చేతులు నాకు గుర్తొచ్చాయి. కాని అత్త దుకాణానికి రాదు. ఇది చెప్తే చాచా కాసేపు మీసం దువ్వుకుని, సోల్డరింగ్ గన్ను తువ్వాలలో చుట్టి చంకన పెట్టుకుని, "కాళ్లు మొలిసినయి, పా," అన్నాడు.

వసారాలో చాప మీద కూర్చుని అత్త తన చిన్న కత్తెరతో ఊపిరి బిగబట్టి కోసింది. దారం తెంపినంత శబ్దం కూడా రాలేదు.

"గింతేనా? దీనికా నెలరోజుల సంది లొల్లి?" అంది.

ఆ సాయంత్రం టీవీ చానెల్ మర మెల్లగా తిప్పుతుంటే, వాన పడ్డట్టున్న తెర ఒక్కసారిగా తెల్లగా తేరుకుంది. కింద చిన్న అక్షరాల్లో తయారు చేసినవాళ్ల పేరు, సంవత్సరం. బాపు అప్పుడు నమాజు వేళకు చాచాను సాగనంపే మిషతో వసారాలోనే నిలబడి ఉన్నారు. లోపలికి మాత్రం చూడలేదు. హాజరీకి ముందు చూడకూడదు.

నవమి నాడు చాచాను పిలిచాం. చేతికి అత్తరు రాసుకుని, తెల్లటి లాల్చీ వేసుకుని వచ్చి గోడవారన నిలబడ్డాడు. బాపు షేర్వాణీలో మొదలుపెట్టారు. కత్తి, హాజర్. కలం, హాజర్. తక్కెడ, హాజర్. కుట్టుమిషన్ నాలుగు కుట్లు వేసి హాజర్.

"కంప్యూటర్."

క్యాసెట్ నొక్కాను. కీచుమని అరుపు మొదలైంది. తెర అంచుల్లో రంగురంగుల గీతలు పరుగెత్తాయి. నాలుగు నిమిషాలు. బాపు కదలకుండా నిలబడ్డారు. నాలుగో నిమిషం మధ్యలో గీతలు ఆగిపోయి టేప్ తప్పు అన్న సందేశం వచ్చింది. నిన్న రెండుసార్లు పలికింది, ఇవాళ పలకలేదు.

బాపు గొంతు సవరించుకున్నారు. "గైర్..."

"సర్కార్, ఆగుండ్రి," అన్నాడు చాచా. "మూడు పిలుపులు గదా?"

"ఏం మూడు?"

"మా దాదా మీ ముత్తాతల హాజరీల నాల్‌బంద్. గుర్రాలకు నాడాలు కొట్టేటోడు. గుర్రం మొదటి పిలుపుకు మొరాయిస్తె రెండోది, రెండోదానికి మొరాయిస్తె మూడోది. మూడు అయినంక గైర్హాజర్. మా ఇంట్ల చెప్పేటోళ్లు."

"అవ్ తమ్మీ, మూడే," అంది అత్త వెంటనే. ఆమె కూడా ఆ మాట అప్పుడే విన్నదని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

బాపు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తన ఇంటి హాజరీ గురించి ఒక నాల్‌బంద్ మనవడికి తెలిసినది తనకు తెలియదని ఎలా అంటారు? "మూడని నాకు తెల్వదా?" అన్నారు. "రెండో పిలుపు. కంప్యూటర్!"

వాల్యూమ్ పెంచి వేశాను. మూడో నిమిషంలో ఆగింది.

నేను టేప్ రికార్డరు మీద చెవి పెట్టాను. ఆ అరుపు చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. ఈ అరుపు ముక్కు మూసుకుని అరిచినట్టుంది. లోపల టేపును తాకే హెడ్డు కొంచెం పక్కకు వాలింది. దాని పక్కన చిన్న మర ఉంటుంది. చాచా అప్పటికే జేబులోంచి సన్నటి స్క్రూడ్రైవర్ తీసి అందించాడు. వింటూ, వెంట్రుకవాసి తిప్పుతూ పోయాను. ఒకచోట అరుపు సాఫుగా, పదునుగా, చెవులు గింగురుమనేలా అయింది. పక్కవాటాలో ఎవరో కిటికీ మూసుకున్నారు.

"మూడో పిలుపు," అన్నారు బాపు. ఈసారి ఆయన గొంతు కొంచెం తగ్గింది. "కంప్యూటర్."

నాలుగు నిమిషాలు గడిచాయి. అరుపు ఆగింది. తెర నల్లబడింది. తర్వాత ఒక మూల గుట్ట గీసుకుంది, గుట్ట మీద గుర్రం, గుర్రం వెనక టాంగా.

"హాజర్!" అని అరిచింది అత్త.

"తెర ఎలిగితె హాజరు కాదు. పని చూపియ్యాలె," అన్నారు బాపు. షేర్వాణీ అంచులు సర్దుకుని, పీట లాక్కుని కూర్చున్నారు. మోచేతులు పక్కటెముకలకు ఆనాయి. మీటలు ఎక్కడున్నాయో ఆయన చూసుకోలేదు; వేళ్లకు గుర్తుంది. టాంగా గుట్ట దిగింది. ఒక మలుపు, రెండో మలుపు, మూడోచోట నేరుగా బర్రెకు తగిలి ముక్కలైంది.

ఆయన నావైపు తిరిగారు. "ఈ బర్రెను ఎప్పుడు పెట్టినవ్? ఇంతకు ముందు ఈడ లేకుండె!"

"మొదటి సంది ఆడనే ఉంది బాపూ."

"లేకుండె. నేను తోలిన తొవ్వ నాకు తెల్వదా?"

"సర్కార్, జెర నన్ను తోలనియ్యుండ్రి," అంటూ చాచా పీట పక్కకు జరిగాడు. చాచా గుట్ట దిగకముందే బోల్తా కొట్టాడు. అత్త కుంకుమ భరిణె పట్టుకుని నిలబడి, నవ్వలేక కళ్లు తుడుచుకుంది. ఆమె బొట్టు పెట్టబోతే మాత్రం నేను అడ్డుపడ్డాను. మీటల మీద వద్దు, లోపలికి పొడి దిగుతుంది, ఈ మూల పెట్టు అన్నాను. గుడ్డ నేత అచ్చు పడిన మూలన పెట్టింది. ఆ పూజలో హారతి ఎవరు తీసుకున్నారో, నైవేద్యం ఎప్పుడు చల్లారిందో గుర్తులేదు. మధ్యాహ్నం అన్నాల వేళ దాకా ముగ్గురు పెద్దమనుషులు టాంగా కోసం వంతులు వేసుకున్నారు.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర చాచాను అడిగాను, మూడు పిలుపుల మాట నిజమేనా అని.

"మా దాదా గుర్రాల కాళ్లు చూసిండు బేటీ," అన్నాడు చెప్పులు వేసుకుంటూ. "పిలుపులు ఎవరు లెక్కవెట్టిండ్రు?"

మరుసటి ఏటి నుంచి మా హాజరీలో ప్రతి వస్తువుకూ మూడు పిలుపులు. పూర్వం నుంచీ అంతేనని బాపు వచ్చినవాళ్లకు చెప్పేవారు.

దసరా అయిన వారానికి బాపు దుకాణానికి స్వయంగా నడిచి వెళ్లారు. ఇది ఇంకెన్నేళ్లు నడుస్తుందని అడిగారు. పార్టులు దొరికినన్నాళ్లు, అన్నాడు చాచా. బహదూర్‌పురాలో ఒకరింట్లో ఇలాంటిదే ఇంకొకటి చెడిపోయి పడి ఉందనీ, దాని చిప్పులూ పొరా పనికొస్తాయనీ, వాళ్లు మాత్రం ఊరికే ఇవ్వరనీ చెప్పాడు. బాపు ఇంటికి వచ్చి అన్నం తిన్నారు, చెయ్యి కడుక్కున్నారు, దళంలో మారుగుర్రం లేని రౌతును హాజరీకి రానిచ్చేవాళ్లు కాదని నాతో అన్నారు. ఇది నిజమో కాదో నేను అడగలేదు.

ఆ రెండోదాన్ని కొనడానికి పెద్ద హాలులోని నిలువుటద్దం అమ్మాము.